20 ఏళ్ళు దాటిన డిజిటల్ కెమెరా: తప్పు కాలానిదా, తయారుచేసినవాళ్ళదా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. పాత సామాన్లలో 2000 ప్రాంతపు 2 మెగాపిక్సెళ్ళ కెమెరా ఒకటి దొరికింది. కొన్నాళ్ళు వాడి చూశారు. ఆన్ కావడానికి నాలుగైదు సెకన్లు పడుతోంది. బటన్ నొక్కాక ఫొటో పడేసరికి ఎదుటి మనిషి కదిలిపోతున్నాడు. ఎండలో తెర కనబడటం లేదు. ఫ్లాష్ ఆపాలంటే ఆన్ చేసిన ప్రతిసారీ మూడు నొక్కులు నొక్కాల్సి వస్తోంది. ఆ కెమెరా డిజైన్ మీద, బటన్ల అమరిక మీద ఒక అంచనా రాయాలనుకుంటున్నారు. వీటిలో ఏది ఆ కాలపు పరిమితి, ఏది ఆ కెమెరా లోపం అని ఎలా తేల్చాలో అడిగారు.

సూటిగా చెబుతాను. మొదటిదీ మూడోదీ చాలావరకు ఆ కాలానివి. రెండోది సగం కాలానిది, సగం మీ వేలిది. నాలుగోది తయారుచేసినవాళ్ళ తప్పు, ఒక చిన్న పరీక్షలో వేరే సంగతి బయటపడకపోతే. ఆ పరీక్ష చివర్లో చెబుతాను. తేల్చే పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే. చిరాకు కలిగిన ప్రతిచోటా ఇలా అడగండి: అదే ఏడాదిలో, అవే చిప్పులతో, అవే సెల్స్‌తో ఇంకొకరు దీన్ని మెరుగ్గా చేయగలిగేవారా? చేయగలిగేవారైతే అది డిజైన్ లోపం. ఎవరి చేతా అయ్యేది కాదంటే ఆ కెమెరాకు మార్కులు తగ్గించకండి.

నేను ఫిల్ము కెమెరాల రోజుల నుంచీ మరమ్మతు బల్ల ముందు కూర్చున్నవాణ్ణి. డిజిటల్ వచ్చాక వాటినీ విప్పాను. బల్ల మీదికి వచ్చిన కెమెరా తన డిజైన్ గురించి చాలా సంగతులు చెబుతుంది: ఏ మూత గొళ్ళెం విరిగింది, ఏ బటన్ మీద గుర్తు చెరిగిపోయింది, ఏ డయల్ వదులైంది. ఆ చూపుతోనే రాస్తున్నాను కాబట్టి ఫొటోల నాణ్యత జోలికి వెళ్ళను. 2 మెగాపిక్సెళ్ళంటే 1600×1200 చుక్కలు, అంతే. దాన్ని ఎంత తిట్టినా డిజైన్ గురించి ఒక్క ముక్క కూడా తెలియదు.

పరీక్ష మొదలుపెట్టే ముందు సెల్స్ సంగతి చూసుకోండి. మీది నాలుగు డబుల్ ఏ సెల్స్‌తో నడిచేదని రాశారు. అందులో ఆల్కలైన్ సెల్స్ వేసి పరీక్షిస్తే కెమెరాకు అన్యాయం చేసినట్టే. కొత్త ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు ఇస్తుంది, ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టులే. అంకెలు చూస్తే మొదటిదే మేలనిపిస్తుంది. కానీ లెన్సు మోటారు తిరిగేటప్పుడూ ఫ్లాష్ ఛార్జి అయ్యేటప్పుడూ కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆల్కలైన్ సెల్‌కు లోపలి నిరోధం ఎక్కువ. ఆ క్షణంలో దాని వోల్టేజి కిందికి జారుతుంది, సెల్స్ అయిపోయాయనుకుని కెమెరా ఆగిపోతుంది. చచ్చిపోయిందంటూ నా దగ్గరికి తెచ్చిన కెమెరాల్లో చాలావాటికి నేను చేసిన మరమ్మతు సెల్స్ మార్చడమే. తెచ్చినవాళ్ళు నమ్మేవారు కాదు, ఏదో విప్పి బిగించినట్టు కనబడితే గానీ తృప్తి ఉండేది కాదు.

ఇక పట్టు. కళ్ళు మూసుకుని కెమెరాను సంచిలోంచి తీయండి. ఆన్ చేయండి, జూమ్ చేయండి, ఒక ఫొటో తీయండి, ఆపేయండి. ఎన్నిచోట్ల వేలు తడుముకుందో, ఏ బటన్ మీద అనుకోకుండా పడిందో గుర్తుపెట్టుకోండి. కుడి బొటనవేలికి వెనకవైపు ఆనుకునే చోటు ఉందా, లేక తెర మీదో డిలీట్ బటన్ మీదో ఆనుతోందా? ఎడమ చేతి వేలు ఫ్లాష్‌కు అడ్డం వస్తోందా? ఎడమ కంటితో చూసే అలవాటు ఉన్నవాళ్ళ చేతికి ఒకసారి ఇచ్చి చూడండి. వాళ్ళ ముక్కు నేరుగా తెరకు తగులుతుంది. ఈ అయిదు నిమిషాల పరీక్ష స్పెసిఫికేషన్ల పట్టికలో ఎక్కడా దొరకదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం షట్టర్ బటన్ దగ్గర గడపండి. కెమెరా మొత్తం మీద నిజంగా ముఖ్యమైన బటన్ అదొక్కటే. అందులో రెండు మెట్లుంటాయి: సగం నొక్కితే ఫోకస్, వెలుతురు లెక్క స్థిరపడతాయి, మిగతా సగం నొక్కితే ఫొటో పడుతుంది. మంచి బటన్‌లో మొదటి మెట్టు వేలి కొసకు స్పష్టంగా తెలుస్తుంది. సన్నని ప్రతిఘటన, అక్కడ ఒక చిన్న ఆగు, ఆపైన కొద్దిపాటి అదనపు బరువుతో రెండో మెట్టు. చెడ్డ బటన్‌లో ఆ ఆగు ఉండదు. మెత్తటి దూదిలో వేలు దిగినట్టు దిగి, ఎక్కడో ఫొటో పడిపోతుంది. అంతకన్నా చెడ్డది రెండో మెట్టుకు బలం కావాల్సిన బటన్. ఆ బలానికి కెమెరా మొత్తం కిందికి ఒరిగి ఫొటో చెదిరిపోతుంది, తప్పు మాత్రం చేతి వణుకు మీదికి పోతుంది.

ఇది బటన్ తప్పా, చేతి తప్పా అని తేల్చడానికి నేను వాడే ఉపాయం ఇది. గదిలో మామూలు వెలుతురులో, ఫ్లాష్ ఆపి, అచ్చు అక్షరాలున్న కాగితాన్ని చేత్తో పట్టుకున్న కెమెరాతో పదిసార్లు తీయండి. తర్వాత అలాగే పట్టుకుని, సెల్ఫ్ టైమర్ పెట్టి ఇంకో పదిసార్లు తీయండి. రెండోసారి చేయి అదే, వణుకూ అదే, ఫొటో పడే క్షణంలో నొక్కడం ఒక్కటే లేదు. టైమర్ ఫొటోల్లో అక్షరాలు మొదటివాటికన్నా బాగా తేటగా ఉంటే తప్పు బటన్‌దే. నేను ఇష్టంగా వాడిన ఒక కెమెరా ఈ పరీక్షలో ఘోరంగా తప్పింది. మూడేళ్ళు నా చేతులను తిట్టుకున్నాను.

బటన్ నొక్కాక ఆలస్యమెంతో కొలవాలంటే ఫోనులో స్టాప్‌వాచ్ నడిపించి దాన్ని ఫొటో తీయండి. అంకె సరిగ్గా 5 సెకన్లు చూపే క్షణానికి నొక్కండి. ఫొటోలో ఏ అంకె పడిందో చూస్తే తేడా తెలిసిపోతుంది. పదిసార్లు తీసి సగటు కట్టండి. తర్వాత ముందే సగం నొక్కి పట్టుకుని మళ్ళీ పదిసార్లు. ఆ తరం కాంపాక్ట్ కెమెరాల్లో ఎక్కువ భాగం లెన్సును ముందుకూ వెనక్కూ కదుపుతూ, సెన్సర్ (వెలుతురును ఫొటోగా పట్టే చిప్పు) మీద గీతలు ఎక్కడ బాగా తేటపడుతున్నాయో వెతుక్కుని ఫోకస్ చేసేవి. మొదటి సగటులో ఉన్న ఆలస్యంలో పెద్ద వాటా ఆ వెతుకులాటదే, అది కాలానిది. రెండో సగటు కూడా అర సెకను దాటితే మాత్రం ఆ కెమెరాను మందలించండి. నేను ఇందాక సగం మీ వేలిది అన్నది ఇందుకే. ఒక్క ఊపులో చివరిదాకా నొక్కే అలవాటు ఫోన్లు నేర్పింది, ఆ కెమెరా తయారైన రోజుల్లో ముందే సగం నొక్కి కాచుకోమని వాడుక పుస్తకంలోనే రాసేవారు.

ఇప్పుడు పోలికకు నాలుగు కెమెరాలు చెబుతాను. పరిమితి ఒకటే అయినా దానికి డిజైనర్లు ఇచ్చిన సమాధానాలు ఎంత వేరుగా ఉండేవో వీటిలో కనబడుతుంది.

1994లో వచ్చిన ఆపిల్ క్విక్‌టేక్ 100ను తయారుచేసింది కోడాక్. లోపల 1 ఎంబీ మెమరీ, 640×480లో ఎనిమిది ఫొటోలు మాత్రమే పట్టేవి. తీసిన ఫొటోను చూసుకునే తెర లేదు. వెనక చిన్న నలుపు తెలుపు సూచిక, దాని చుట్టూ నాలుగు బటన్లు. లెన్సు మూత జరిపితే కెమెరా ఆన్ అవుతుంది, వేరే పవర్ బటన్ వెతుక్కోనక్కరలేదు. లెన్సు మూసి ఉన్నప్పుడు కెమెరా ఆన్‌లో ఉండటం, తెరిచాక ఆన్ చేయడం మరిచిపోవడం అనే రెండు పొరపాట్లకూ అందులో చోటే లేదు. 1979 నాటి ఒలింపస్ ఎక్స్ఏ ఫిల్ము కెమెరాలో ఉన్న జారుడు మూత ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం. ఇంకో చిన్న సంగతి నాకు చాలా నచ్చుతుంది: అన్ని ఫొటోలనూ చెరిపే బటన్ ఒంటి మట్టం కన్నా లోపలికి దిగి ఉంటుంది. వేలు పొరపాటున తగలదు. చెరిపితే అన్నీ పోయే కెమెరాలో ఆ జాగ్రత్త తప్పనిసరి, దాన్ని మెనూ హెచ్చరికతో కాక ఒక గుంటతో సాధించారు.

మరుసటి ఏడాది వచ్చిన కాసియో క్యూవీ-10 ఎదురు దారి పట్టింది. 1.8 అంగుళాల రంగుల తెర పెట్టి, కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్‌ను పూర్తిగా తీసేసింది. ఫ్లాష్ లేదు. సెన్సర్ 2.5 లక్షల పిక్సెళ్ళే, ఫొటో 320×240 చుక్కలే. కానీ 96 ఫొటోలు పట్టేవి, తీసిన వెంటనే చూసి నచ్చనిదాన్ని అక్కడికక్కడే చెరిపేయవచ్చు. లెన్సు ఉన్న భాగం విడిగా తిరుగుతుంది కాబట్టి కెమెరాను నడుము దగ్గర పెట్టుకుని, తెరను కిందికి చూస్తూ ఫొటో తీయవచ్చు. నాణ్యత లెక్కలు వేస్తే ఈ కెమెరా ఓడిపోతుంది. చేతి పనుల లెక్క వేస్తే ఇవాళ ఫోనుతో మనం చేసే పని, తీయడం, చూడటం, చెరపడం, అప్పుడే దాదాపు పూర్తిగా అందులో ఉంది. అదే సమయంలో ఎండలో అది గుడ్డిది. ఆ తరం తెరల వెలుగు పగటి ఎండకు ఆగేది కాదు, కంటికి ఆనించుకునే కిటికీ కూడా లేదు. తెర వెలుగు తక్కువ కావడం కాలానిది, వ్యూఫైండర్ తీసేయడం నిర్ణయం. మీ అంచనాలో ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలపకండి.

1997 నాటి సోనీ మావికా ఎఫ్‌డీ7 ఫ్లాపీ మీద ఫొటోలు రాసేది. చూడటానికి ఇటుక. కానీ ఆ రోజుల్లో ఫొటోలు కంప్యూటర్‌కు చేర్చడమెంత కష్టమో గుర్తుంటే ఆ ఇటుక తెలివి అర్థమవుతుంది. అప్పట్లో కెమెరాను కంప్యూటర్‌కు కలిపే సీరియల్ కేబుల్ సాధారణంగా అందుకోగలిగే గరిష్ఠ వేగం సెకనుకు 115,200 బిట్లు. అంటే అంతా సవ్యంగా ఉన్నా 1 ఎంబీకి ఒకటిన్నర నిమిషం. ఫ్లాపీ అయితే కెమెరాలోంచి తీసి కంప్యూటర్‌లో పెట్టడమే, కేబుల్ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. పరిమాణంలో ఓడిపోవడానికి ఒప్పుకుని, అందరినీ విసిగించే పనిని తీసేసిన డిజైన్ అది.

నాలుగోది నికాన్ కూల్‌పిక్స్ 950, 1999. ఒళ్ళు రెండు ముక్కలు, మధ్యలో తిరుగుతుంది. మూడు రెట్ల జూమ్ ఉన్నా లెన్సు బయటికి సాగదు, జరిగేదంతా లోపలే, కాబట్టి ఆన్ చేసినప్పుడు గొట్టం బయటికి వచ్చేదాకా కాచుకోనక్కరలేదు. 2 సెంటీమీటర్ల దూరంలోని వస్తువుకు కూడా ఫోకస్ చేస్తుంది. మీ కెమెరా ఆన్ కావడానికి పట్టే సమయంలో లెన్సు గొట్టం బయటికి రావడం ఎంత, మిగతాది ఎంత అని చెవితో వినండి. మోటారు ఆగాక కూడా ఇంకా రెండు సెకన్లు కాచుకోవాల్సి వస్తే అది మెమరీ కార్డు చదువుకోవడం, చిప్పు సిద్ధమవడం; ఆ వాటా కాలానిది.

మోడ్ డయల్ మీద ఒక మాట. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే భాగం ఇది. పేరు చెప్పను గానీ ఒక కెమెరాలో ఫొటో తీయడానికీ, తీసినవి చూడటానికీ మధ్య ఆఫ్ ఉండేది. తీసిన ఫొటో ఒకసారి చూడాలంటే డయల్ ఆఫ్ మీదుగా తిప్పాలి. దారిలో లెన్సు లోపలికి వెళ్ళిపోతుంది. మళ్ళీ తీయాలంటే ఇటు తిప్పాలి, లెన్సు మళ్ళీ బయటికి. ఒక మనిషి పది ఫొటోలు తీసి పదిసార్లు చూసుకుంటే ఆ లెన్సు ఇరవై ప్రయాణాలు చేసినట్టు. వాటిలో సన్నని ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు అరిగిపోయి నా బల్ల మీదికి వరసగా వచ్చేవి. డయల్ మీద మూడు గుర్తుల క్రమం మార్చి ఉంటే చాలు, దానికి కొత్త చిప్పు అక్కరలేదు, కొత్త సెన్సర్ అక్కరలేదు.

ఇంకో కెమెరాలో డయల్ అంచు ఒంటికన్నా బయటికి పొడుచుకొచ్చి, తిప్పితే పట్టు లేకుండా జారిపోయేది. పిల్లల పరుగు పందెంలో సంచిలోంచి తీసి ధీమాగా నొక్కాను. సంచి గుడ్డకు రాసుకుని డయల్ వీడియో మీదికి తిరిగిపోయి ఉంది. గెలిచిన పాప గీత దాటుతున్న ఫొటోకు బదులు నా చెప్పులు 11 సెకన్లపాటు కదులుతున్న వీడియో దొరికింది. మీ కెమెరా డయల్‌ను ఒక గుడ్డ సంచిలో పెట్టి పదిసార్లు తీసి చూడండి, ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి.

ఇక నొక్కుల లెక్క. తరచుగా చేసే పనులు అయిదు తీసుకోండి: ఫ్లాష్ ఆపడం, దగ్గరి వస్తువు కోసం మాక్రో పెట్టడం, వెలుతురు కొంచెం పెంచడమో తగ్గించడమో, ఆఖరి ఫొటో చూడటం, ఒక్క ఫొటో చెరపడం. ఒక్కోదానికి ఎన్ని నొక్కులో రాయండి, పక్కనే కళ్ళు తెర మీదికి దించాల్సి వచ్చిందా లేదా అన్నది కూడా రాయండి. నొక్కుల సంఖ్య కన్నా ఈ రెండోదే ముఖ్యం. మూడు నొక్కులైనా చూడకుండా చేయగలిగితే నాకు అభ్యంతరం లేదు. వెలుతురు సర్దుబాటును మెనూ మూడో పేజీలో దాచిన కెమెరాను మాత్రం క్షమించను. చెరపడానికి ఒక్క నొక్కు సరిపోయినా తప్పే, అక్కడ రెండు ఉండాలి.

మెనూలో పేర్లు కూడా చూడండి. ఒలింపస్ నాణ్యతను ఎస్‌హెచ్‌క్యూ, హెచ్‌క్యూ, ఎస్‌క్యూ అని పిలిచేది. నికాన్ ఫైన్, నార్మల్, బేసిక్ అనేది. రెండో పద్ధతిలో ఏది పైది, ఏది కిందిది అని పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది.

తెర విషయంలో మీ కెమెరాకు ఊరట ఉంది. ఎండలో కనబడకపోతే కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ ఉందని రాశారు. దాన్ని వాడి మార్కులు వేయండి. ఆ తరం కాంపాక్ట్‌లలో వ్యూఫైండర్ సుమారు 80 నుంచి 85 శాతం దృశ్యాన్నే చూపేది కాబట్టి ఫొటోలో మీరు చూడనివి అంచుల్లో చేరితే ఆశ్చర్యపోకండి. అది లెన్సుకు పక్కగా ఉంటుంది గనుక దగ్గరి వస్తువుల విషయంలో గురి తప్పుతుంది, అప్పుడు తెరే గతి. చూడాల్సింది ఇది: ఫోకస్ కుదిరిందని చెప్పే చిన్న దీపం, కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి ఉండగా కనబడుతోందా? దాన్ని కంటికి అందని మూలన పెట్టిన కెమెరాలు నేను చూశాను.

ఇప్పుడు ఒక జాగ్రత్త. కాలం, తయారీదారు కాక మూడో ముద్దాయి కూడా ఉంది: వయసు. పట్టు దగ్గరి రబ్బరు జిగటగా మారితే అది రసాయనం చేసిన పని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఓపికగా తుడవండి. సగం నొక్కు పనిచేయకపోతే లోపలి స్పర్శ పలకలు అరిగి ఉండవచ్చు. సెల్స్ గది మూత వదులుగా ఉంటే నాలుగు స్ప్రింగులు ఇన్నేళ్ళూ దాన్ని తోస్తూనే ఉన్నాయని గుర్తుంచుకోండి. కెమెరాను మీరే విప్పాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, సెల్స్ తీసేశాక కూడా.

చివరికి మీ ఫ్లాష్ మతిమరుపు. ఆఫ్ చేసిన ప్రతిసారీ ఆటోకు తిరిగిపోవడం చాలామంది తయారీదారులు తెలిసి చేసిందే. ఫ్లాష్ ఆపిన సంగతి మరిచిపోయి చీకటి ఫొటోలు తీసుకుంటారని వాళ్ళ భయం. ఆ భయం నిజమే గానీ, మందు సరైంది కాదు. తేదీని గుర్తుపెట్టుకునే కెమెరా ఇంకో చిన్న సంగతిని గుర్తుపెట్టుకోలేనిది కాదు, కనీసం మెనూలో ఆ ఎంపిక మనకు వదిలి ఉండాల్సింది. అయితే తీర్పు రాసే ముందు ఈ పరీక్ష చేయండి. తేదీ, సమయం సరిగ్గా పెట్టి, ఫొటో నాణ్యతను కూడా మామూలుగా ఉండేదాని నుంచి మార్చండి. సెల్స్ తీయకుండా కెమెరాను ఆపి, అరగంట తర్వాత ఆన్ చేయండి. తేదీ, నాణ్యత నిలిచి ఫ్లాష్ ఒక్కటే ఆటోకు వెళ్ళిపోతే తప్పు డిజైనర్‌దే, నిర్మొహమాటంగా రాయండి. తేదీ కూడా పోయి మళ్ళీ అడుగుతుంటే, సెట్టింగులను కాపాడే లోపలి చిన్న బ్యాటరీయో కెపాసిటరో చనిపోయి ఉండవచ్చు. అప్పుడు ఆ కెమెరా కొత్తగా ఉన్నప్పుడు ఫ్లాష్ సంగతి గుర్తుపెట్టుకునేదేమో, వాడుక పుస్తకం దొరికితే అందులో చూసుకోండి.